స్టాక్ మీద ఆర్టికల్ రాసి ఫైనాన్స్ సైట్‌కి పంపటం ఎలా: ఐడియా దగ్గర్నుంచి ఎడిటర్ దాకా

నా మొదటి ఆర్టికల్ వెనక్కొచ్చింది. రెండు వారాలు కూర్చుని రాశా, కంపెనీ చరిత్ర, ప్రొడక్టులు, మేనేజ్‌మెంట్ ఎంత గట్టిదో, సేల్స్ ఎలా పెరుగుతూ వచ్చాయో, ఆరు చార్టులు, అన్నీ దట్టించా. ఎడిటర్ ఒక్క ముక్కే రాశాడు, కంపెనీ మంచిదని చెప్పారు సరే, షేర్ రేటు ఎందుకు తప్పో ఎక్కడా చెప్పలేదేంటి అని. అప్పుడు ఒళ్ళు మండింది గానీ తర్వాత నేను రాసిన ప్రతి ఆర్టికల్‌కీ ఆ ఒక్క ప్రశ్నే పునాది అయింది. ఎందుకంటే కంపెనీ బాగుందని మార్కెట్‌కి తెలీక కాదు, తెలుసు, ఆ మంచితనం అంతా రేట్లో ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది. మార్కెట్ ఏం అనుకుంటోంది, అందులో ఏది తప్పని మీరు అనుకుంటున్నారు, దానికి మీ దగ్గరున్న ఆధారమేంటి, ఈ మూడూ ఉంటేనే అది ఇన్వెస్ట్‌మెంట్ ఆర్టికల్, లేకపోతే కంపెనీకి డప్పు కొట్టినట్టే.

రాసే ముందు సైట్‌ని చదవండి

చాలామంది ముందు రాసేసి తర్వాత ఎక్కడికి పంపాలా అని వెతుకుతారు, అక్కడే సగం తిరస్కారాలు ఖాయమైపోతాయి. సైట్లన్నీ ఒకటి కాదు. కొన్నింటికి ఒకే షేర్ మీద కొనొచ్చా అమ్మొచ్చా అని తేల్చే విశ్లేషణ కావాలి, కొన్నింటికి కొత్తవాళ్ళకి పాఠం చెప్పినట్టుండే వ్యాసాలు కావాలి, కొన్నింటికి రిజల్ట్స్ వచ్చిన రోజే పడాల్సిన చిన్న ముక్కలు కావాలి. 2004లో మొదలైన సీకింగ్ ఆల్ఫా లాంటి చోట బయటివాళ్ళు పంపిన వ్యాసాలు ఎడిటర్ల చేతుల మీదుగా వెళ్ళి పబ్లిష్ అవుతాయి. 2000లో ఇన్వెస్టర్లు జోయెల్ గ్రీన్‌బ్లాట్, జాన్ పెట్రీ పెట్టిన వాల్యూ ఇన్వెస్టర్స్ క్లబ్‌లో అయితే మెంబర్ అవ్వటానికే మీరు సొంతంగా రాసిన ఒక ఐడియా పంపి మెప్పించాలి.

సైట్ రూల్స్ పేజీలో ఇవి వెతకండి: వేరేచోట వేసింది తీసుకుంటారా లేదా, మీరు ఇచ్చాక ఎన్నాళ్ళు ఇంకెక్కడా వెయ్యకూడదు, మరీ చిన్న కంపెనీల మీద రాయనిస్తారా, కలం పేరు ఒప్పుకుంటారా, డబ్బు ఫ్లాట్‌గా ఇస్తారా లేక ఎంతమంది చదివితే అంతనా, ఏఐతో రాయించినవి తీసుకుంటారా. ఆఖరిది ఇప్పుడు చాలా ముఖ్యం, కొన్ని సైట్లు అస్సలు ఒప్పుకోవు, దొరికితే అకౌంటే మూసేస్తారు. తర్వాత ఆ సైట్లో ఈ మధ్య వచ్చిన పది ఆర్టికల్స్ చదవండి. సరదాకి చదివినట్టు కాదు, ప్రతిదాంట్లో అసలు వాదన ఎన్నో పేరాలో మొదలైందో గుర్తుపెట్టుకుంటూ చదవండి. మంచివాటిలో మొదటి రెండు పేరాల్లోనే వచ్చేస్తుంది.

ఏ కంపెనీ మీద రాయాలి

యాపిల్, టెస్లా మీద రాయాలని అందరికీ ఉంటుంది, చదివేవాళ్ళూ ఎక్కువే. కానీ డజన్ల కొద్దీ ప్రొఫెషనల్ అనలిస్టులు వాటిమీదే కూర్చుని ఉంటారు, వాళ్ళకి కనపడనిది మీకు ఏం కనపడింది అని ఎడిటర్ అడుగుతాడు, దానికి మీ దగ్గర జవాబుండాలి. పెద్దగా ఎవరూ పట్టించుకోని మధ్యస్థాయి కంపెనీ అయితే ఓపికగా డాక్యుమెంట్లు చదివినవాడికే పైచేయి దొరుకుతుంది. మీరు పనిచేసిన రంగం అయితే ఇంకా మంచిది, సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులు ఎలా రెన్యూ అవుతాయో, హాస్పిటల్‌కి ఇన్సూరెన్స్ డబ్బులు ఎన్నాళ్ళకి వస్తాయో లోపల పనిచేసినవాడికి తెలిసినట్టు బయటివాడికి తెలీదు.

కానీ ఒక గీత ఉంది. మీరు ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీ మీద, దాని కస్టమర్ల మీద, సప్లయర్ల మీద రాయొద్దు. బయటికి రాని సమాచారం వాడి రాయటం, ట్రేడ్ చెయ్యటం రెండూ ఇన్‌సైడర్ వ్యవహారం కిందకి పోతాయి, నాకు తెలీదండీ అంటే కుదరదు. రంగం గురించిన అవగాహన వాడుకోండి, ఆఫీసులో విన్న కబురు కాదు.

అలాగే రోజుకి నాలుగు షేర్లు కూడా చేతులు మారని పెన్నీ స్టాక్స్ (మరీ తక్కువ రేటున్న చిన్న షేర్లు) జోలికి పోకండి. మీ ఆర్టికల్ వల్లే రేటు కదిలిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి సైట్లు కూడా అనుమానంగానే చూస్తాయి.

చదవటం: అసలు పని ఇదే

మొత్తం పనిలో ముప్పావు వంతు ఇక్కడే పోతుంది, పోవాలి కూడా. అమెరికా కంపెనీ అయితే అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ వాళ్ళ ఎడ్గర్ సైట్లో అన్నీ ఫ్రీగా దొరుకుతాయి: ఏడాది రిపోర్ట్ 10-కె, మూడు నెలలకోసారి వచ్చే 10-క్యూ, ముఖ్యమైన సంఘటన ఏదైనా జరిగితే వేసే 8-కె, మేనేజ్‌మెంట్ జీతభత్యాలు ఉండే ప్రాక్సీ స్టేట్‌మెంట్, లోపలివాళ్ళు షేర్లు కొన్నా అమ్మినా రెండు పనిదినాల్లో వెయ్యాల్సిన ఫామ్ 4. వేరే దేశాల కంపెనీలకైతే స్టాక్ ఎక్స్చేంజ్ సైట్లో, కంపెనీ ఇన్వెస్టర్ పేజీలో యాన్యువల్ రిపోర్టులు, కాన్‌కాల్ (రిజల్ట్స్ తర్వాత మేనేజ్‌మెంట్ అనలిస్టులతో మాట్లాడే ఫోన్ మీటింగ్) ట్రాన్స్‌క్రిప్టులు ఉంటాయి.

నేను వెనక నుంచి ముందుకి చదువుతా. ముందుండే రంగుల ఫొటోలు, ఛైర్మన్ ఉత్తరం చివర్లో చూసుకోవచ్చు, మొదట నోట్స్ చదవండి. అమ్మకాన్ని ఎప్పుడు ఆదాయంగా లెక్కేస్తున్నారు, అప్పు ఏ ఏడాది ఎంత కట్టాలి, ప్రమోటర్లకో డైరెక్టర్లకో చెందిన సంస్థలతో లావాదేవీలు ఉన్నాయా, ఉద్యోగులకి ఇచ్చే స్టాక్ వల్ల షేర్ల సంఖ్య ఏటా ఎంత పెరుగుతోంది, అన్నీ అక్కడే దొరుకుతాయి. ఎన్రాన్ 2001 డిసెంబర్‌లో దివాలా తీసింది కదా, సొంత ఆఫీసర్ నడిపే పార్ట్‌నర్‌షిప్‌లతో ఆ కంపెనీకి లావాదేవీలున్నాయన్న సంగతి అంతకుముందు యాన్యువల్ రిపోర్ట్ నోట్స్‌లోనే ఉంది, అర్థం కాని భాషలో అయినా ఉంది. చదివినవాళ్ళు తక్కువ, అంతే.

ఇంకో ఉపాయం, ఈ ఏడాది రిస్క్ ఫ్యాక్టర్స్‌ని పోయినేడాదివాటి పక్కన పెట్టుకుని కొత్తగా చేరిన వాక్యాలు మాత్రమే చూడండి. లాయర్లు ఊరికే వాక్యం చేర్చరు. కాన్‌కాల్‌లో కూడా మేనేజ్‌మెంట్ చెప్పింది ఒక ఎత్తు, దేనికి సూటిగా జవాబివ్వకుండా దాటేశారన్నది ఇంకో ఎత్తు.

డేటా సైట్ల నుంచి అంకెలు కాపీ కొట్టటం అతి పెద్ద తప్పు, నేనూ చేశా కాబట్టి చెప్తున్నా. స్టాక్ స్ప్లిట్ (ఒక షేర్‌ని ముక్కలుగా విడగొట్టటం) సరిగ్గా సర్దకపోవటం, ఒక్కసారికి వచ్చిన లాభాన్ని మామూలు లాభంలో కలిపెయ్యటం, డైల్యూటెడ్ షేర్లు (ముందుముందు ఉద్యోగులకీ ఇతరులకీ ఇవ్వాల్సి రావొచ్చినవి కూడా కలిపిన సంఖ్య) కాకుండా మామూలు సంఖ్య తీసుకోవటం, ఇలాంటివి చాలా జరుగుతాయి. విదేశీ కంపెనీల షేర్లకి బదులు అమెరికాలో ట్రేడయ్యే ఏడీఆర్‌లతో అయితే పప్పులో కాలెయ్యటం మరీ సులువు. అలీబాబా ఏడీఎస్ (ఏడీఆర్ వెనకుండే యూనిట్) ఒకటి ఎనిమిది మామూలు షేర్లకి సమానం, పైగా రేటు డాలర్లలో, లెక్కలు చైనా యువాన్‌లో, ఆర్థిక సంవత్సరం మార్చిలో ముగుస్తుంది. ఈ మూడింటిలో ఏది మర్చిపోయినా మీ పీఈ రేషియో (షేర్ రేటుని ఒక్కో షేరుకి వచ్చే లాభంతో భాగిస్తే వచ్చేది) గాల్లో తేలుతుంది. ప్రతి అంకెనీ అసలు ఫైలింగ్‌లో ఏ పేజీలో ఉందో పక్కన రాసుకుంటూ పోండి, రేపు ఎడిటర్ అడిగితే ఐదు నిమిషాల్లో చూపించొచ్చు.

ఒక్క వాక్యం

చదవటం అయ్యాక రాయటం మొదలుపెట్టకండి. ముందు ఒకే ఒక వాక్యం రాయండి, దాన్ని థీసిస్ అంటారు. "ఈ కంపెనీకి మంచి భవిష్యత్తు ఉంది" అన్నది థీసిస్ కాదు, దాన్ని ఎవరూ తప్పని నిరూపించలేరు కాబట్టి దానికి విలువ లేదు. రేపు తప్పని తేలే అవకాశం ఉన్న వాక్యం కావాలి.

ఉదాహరణకి ఒక ఊహా కంపెనీ తీసుకుందాం. సేల్స్ 1000 కోట్ల నుంచి 1200 కోట్లకి వెళ్ళాయి, 20 శాతం గ్రోత్, మార్కెట్ సంబరపడుతోంది. కానీ కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీలు 150 కోట్ల నుంచి 270 కోట్లకి పోయాయి, అంటే 80 శాతం పెరిగాయి. రోజుల్లో లెక్కేస్తే, బాకీని సేల్స్‌తో భాగించి 365తో గుణిస్తే, ఇంతకుముందు దాదాపు 55 రోజుల్లో వసూలయ్యే డబ్బు ఇప్పుడు 82 రోజులు పడుతోంది. లాభం 150 కోట్లు చూపించారు గానీ ఆపరేషన్స్ నుంచి చేతికొచ్చిన క్యాష్ 60 కోట్లే. ఇప్పుడు వాక్యం ఇలా వస్తుంది: "మార్కెట్ ఈ 20 శాతం గ్రోత్‌ని నిజమైన డిమాండ్ అనుకుంటోంది, కానీ వసూలు రోజులు 55 నుంచి 82కి పెరగటం చూస్తే అరువు గడువు పెంచి సరుకు తోసినట్టుంది, వచ్చే రెండు క్వార్టర్లలో గ్రోత్ తగ్గుతుంది." చూశారా, ఇందులో మార్కెట్ నమ్మకం ఉంది, మీ అభ్యంతరం ఉంది, సాక్ష్యం ఉంది, గడువు ఉంది. రెండు క్వార్టర్ల తర్వాత ఎవరైనా వచ్చి మీరన్నది తప్పు అని మొహం మీదే చెప్పొచ్చు. చెప్పగలగాలి.

అయితే ఇక్కడే ఆగకూడదు, బాకీలు పెరగటానికి మామూలు కారణం కూడా ఉండొచ్చు. సంవత్సరం చివరి నెలలో ఒక పెద్ద ఆర్డర్ వెళ్ళి ఉండొచ్చు, గవర్నమెంట్ కస్టమర్లు ఎక్కువై ఉండొచ్చు, వేరే కంపెనీని కొంటే దాని బాకీలు పూర్తిగా కలిసి సేల్స్ మాత్రం మూడు నెలలవే కలిసి ఉండొచ్చు. ఒక్కొక్కటీ నోట్స్‌లో చూసి కొట్టేసుకుంటూ పోవాలి, మిగిలిందే మీ వాదన. కొట్టెయ్యలేకపోతే ఆ సంగతి ఆర్టికల్‌లోనే చెప్పండి.

విలువ కట్టటం

ఇక్కడ చాలామంది పెద్ద ఎక్సెల్ షీట్ వేసి పదేళ్ళ డిస్కౌంటెడ్ క్యాష్ ఫ్లో (ముందుముందు వచ్చే క్యాష్‌ని ఇవాళ్టి విలువకి తగ్గించి కూడటం) పెడతారు, ఆ పదేళ్ళ తర్వాత కూడా కొనసాగుతుందనుకునే గ్రోత్ రేటు అర శాతం మారిస్తే విలువ ఎక్కడికో పోతుంది. నాకు సింపుల్ లెక్కే ఇష్టం, చదివేవాడు తనే కాగితం మీద వేసుకుని చూడగలిగేది.

పైన కంపెనీకే 10 కోట్ల షేర్లు, రేటు 300 అనుకుందాం. ఒక్కో షేరుకి లాభం, అంటే ఈపీఎస్, 15, పీఈ 20. మార్కెట్ క్యాప్ (అన్ని షేర్ల మొత్తం విలువ) 3000 కోట్లు, అప్పు 500 కోట్లు, క్యాష్ 200 కోట్లు అయితే ఎంటర్‌ప్రైజ్ వాల్యూ, అంటే మార్కెట్ క్యాప్‌కి అప్పు కలిపి క్యాష్ తీసేస్తే వచ్చేది, 3300 కోట్లు. అప్పున్న కంపెనీని అప్పులేని కంపెనీతో ఒట్టి పీఈ పట్టుకుని పోల్చొద్దు, ఈ సంఖ్యని వడ్డీ కట్టకముందు లాభంతో భాగించి పోల్చండి. ఇప్పుడు లాభం ఏటా 12 శాతం పెరిగిందనుకుంటే మూడేళ్ళకి ఈపీఎస్ సుమారు 21. పీఈ 20 దగ్గరే ఉంటే రేటు 421, ఏడాదికి 12 శాతం వచ్చినట్టు. పీఈ 16కి తగ్గితే రేటు 337, అంటే ఏడాదికి 4 శాతం కూడా పూర్తిగా రాదు. లాభాలు మనం అనుకున్నట్టే పెరిగినా సరే. ఈ రెండు వరుసలు చాలు, చదివేవాడికి అసలు పందెం లాభాల మీద కాదు పీఈ మీద అని అర్థమైపోతుంది. దీనికి ఇంకో చెడ్డ పరిస్థితి చేర్చండి, గ్రోత్ 5 శాతానికి పడిపోతే ఏంటి అని. మూడు పరిస్థితులూ పక్కపక్కన ఒక చిన్న టేబుల్‌లో వెయ్యండి, ఏ పీఈ ఎందుకు తీసుకున్నారో ఒక్క లైన్లో చెప్పండి, కంపెనీ సొంత పదేళ్ళ సగటా, పోటీ కంపెనీలదా, అని.

ఎదుటివాడి తరఫున వాదించండి

రిస్కులు అని హెడ్డింగ్ పెట్టి "ఆర్థిక మాంద్యం రావొచ్చు, పోటీ పెరగొచ్చు" అని రాస్తే అది ఏ కంపెనీకైనా అతుకుతుంది, ఎడిటర్ చదవకుండానే దాటేసి వెళ్ళిపోతాడు. మీరు కొనమంటుంటే, అమ్మేవాడు ఎవడు, వాడు తెలివైనవాడే అనుకోండి, ఎందుకు అమ్ముతున్నాడు? వాడి వాదన వాడికంటే బాగా రాయండి, తర్వాత ఎందుకు ఒప్పుకోవట్లేదో చెప్పండి. చివర్లో ఇది జరిగితే నా అభిప్రాయం మార్చుకుంటా అని ఒక గుర్తు పెట్టండి, పై ఉదాహరణలో అయితే వసూలు రోజులు తిరిగి 60 లోపుకి వస్తే మార్చుకుంటా అన్నట్టు. నా అనుభవంలో పాఠకుల నమ్మకం ఎక్కువగా వచ్చేది ఈ పేరా వల్లే.

ఇప్పుడు రాయండి

థీసిస్ పైన, సాక్ష్యం తర్వాత, విలువ, ఎదుటి వాదన, చివర గుర్తులు. కంపెనీ ఏం చేస్తుందో ఒక పేరాలో చెప్పండి చాలు, 1950లో పుట్టింది అన్న సంగతి మీ వాదనకి పనికి రాకపోతే తీసెయ్యండి. చార్టులు మూడు నాలుగు మించొద్దు, ప్రతి చార్టుకీ అది ఏం చెప్తోందో ఒక వాక్యం, అంకెలు ఎక్కడివో ఒక వాక్యం. వేరే సైట్ చార్టుని స్క్రీన్‌షాట్ తీసి పెట్టకండి, కాపీరైట్ గొడవ, మీరే గీసుకోండి.

పాము చావకుండా కర్ర విరగకుండా రాయొద్దు. "పెరిగే అవకాశం ఉంది, అయితే తగ్గే అవకాశాన్నీ కొట్టిపారెయ్యలేం" ఇలాంటి వాక్యాలు కనిపిస్తే కొట్టెయ్యండి. అలాగని రాకెట్‌లా దూసుకెళ్తుంది, డబుల్ ఖాయం అని కూడా రాయొద్దు, ఖాయం అన్న మాట ఈ రంగంలో వాడకూడదు. హెడ్డింగ్‌లో కంపెనీ పేరూ మీ వాదనా రెండూ ఉండాలి, లోపల లేనిది హెడ్డింగ్‌లో ఉండకూడదు.

మీ చేతిలో ఏముందో చెప్పండి

దీన్ని చాలామంది ఫార్మాలిటీ అనుకుంటారు, కాదు. ఆ షేర్లు మీ దగ్గరున్నాయా, షార్ట్ చేశారా (రేటు పడుతుందని అరువు షేర్లు అమ్మటం), ఆప్షన్స్ ఉన్నాయా, ఇంట్లోవాళ్ళ పేరు మీద ఉన్నాయా, రాబోయే మూడు రోజుల్లో కొనే అమ్మే ఉద్దేశం ఉందా, అన్నీ చెప్పాలి. పబ్లిష్ కాకముందు కొని, అయ్యాక రేటు కదలగానే అమ్మెయ్యటం, అది పాఠకుల్ని ముంచటం, చాలా దేశాల్లో నేరం కూడా.

కంపెనీ దగ్గరో, వాళ్ళ ప్రమోషన్ ఏజెన్సీ దగ్గరో డబ్బులో షేర్లో తీసుకుని ఆ సంగతి చెప్పకుండా రాయటం అమెరికాలో 1933 సెక్యూరిటీస్ చట్టం సెక్షన్ 17(బి) కింద నేరుగా తప్పు. 2017 ఏప్రిల్‌లో ఎస్ఈసీ ఇలాంటి వ్యవహారాల్లో 27 మంది వ్యక్తులు, సంస్థల మీద చర్యలు ప్రకటించింది, స్వతంత్ర విశ్లేషణలా కనిపించిన ఆర్టికల్స్ వెనక డబ్బు చేతులు మారిందని. మీకు కాస్త పేరు రాగానే ఇలాంటి ఈమెయిల్స్ వస్తాయి, "మా క్లయింట్ కంపెనీ గురించి మీ మాటల్లో రాయండి" అని తియ్యగా ఉంటాయి. జవాబు కూడా ఇవ్వొద్దు.

ఇంకోటి, లైసెన్స్ సంగతి. అమెరికాలో 1985లో లో వర్సెస్ ఎస్ఈసీ కేసులో సుప్రీంకోర్టు, ఫలానా వ్యక్తికని కాకుండా అందరికీ ఒకేలా క్రమం తప్పకుండా వెలువడే నిజమైన ప్రచురణలకి అడ్వైజర్ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని తేల్చింది. ఇండియాలో సెబీ రూల్స్ గట్టివి, డబ్బు తీసుకుని ఫలానా షేర్ కొనండి అమ్మండి, టార్గెట్ ఇంత అని చెప్పేవాళ్ళకి 2014 రీసెర్చ్ అనలిస్ట్ రెగ్యులేషన్స్ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. "ఇది సలహా కాదు" అని కింద ఒక లైన్ రాస్తే అన్నీ మాఫీ అవ్వవు. మీరున్న దేశం రూల్స్, ఆ షేర్ లిస్టయిన దేశం రూల్స్ రెండూ చూసుకోండి. కామెంట్‌లో ఎవరైనా నా దగ్గర ఇంత డబ్బుంది పెట్టమంటారా అని అడిగితే మాత్రం ఎక్కడున్నా సరే పర్సనల్ సలహా ఇవ్వొద్దు.

పంపటం

రిజల్ట్స్ వచ్చే ముందు రోజు పంపకండి, ఎడిటర్ చేతికి వెళ్ళేసరికి మీ అంకెలు పాతబడిపోతాయి. వచ్చాక మీ థీసిస్ ఇంకా నిలబడిందో లేదో చూసుకుని రెండు మూడు రోజుల్లో పంపితే మంచిది. పంపేముందు ఒక రాత్రి వదిలేసి, పొద్దున్నే గట్టిగా చదవండి, నాలుక తడబడ్డచోట వాక్యం విరగ్గొట్టండి. అంకెలన్నీ మళ్ళీ ఒకసారి ఫైలింగ్‌తో సరిచూడండి, కోట్లు మిలియన్లు బిలియన్లు కలగాపులగం అవ్వటం మామూలే. సైట్‌కి రాసే నోట్ నాలుగు లైన్లు దాటొద్దు: కంపెనీ, వాదన, ఇందులో కొత్తేంటి, నా హోల్డింగ్ ఏంటి.

వెనక్కొస్తే కారణం చూడండి. ఫార్మాట్ తప్పులైతే సరిదిద్ది పంపండి. "విశ్లేషణ చాలలేదు" అంటే తిట్టుకోకుండా ఆ ఒక్క వాక్యం దగ్గరికి వెళ్ళండి, తొంభై శాతం సార్లు లోపం అక్కడే ఉంటుంది, నాకైతే అక్కడే ఉండేది. ఒకేసారి రెండు సైట్లకి పంపటం మాత్రం చెయ్యకండి, రెండూ తీసుకుంటే రెండుచోట్లా పేరు పోతుంది.

పబ్లిష్ అయ్యాక మొదటి రోజంతా కామెంట్స్ దగ్గర ఉండండి. తిట్టేవాళ్ళని వదిలెయ్యండి, అంకె తప్పుందన్నవాడికి మాత్రం వెంటనే జవాబివ్వండి, నిజంగానే తప్పైతే ఎడిటర్‌కి చెప్పి పైనే సవరణ వేయించండి, చప్పుడు చెయ్యకుండా మార్చొద్దు. తర్వాత రెండు క్వార్టర్లకి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి, ఆ రోజు మీరు పెట్టిన గుర్తులు తీసి ఏది నిజమైంది ఏది కాలేదు అని ఫాలో-అప్ రాయండి. నేను ఒకసారి వసూలు రోజుల మీద ఇలాంటి వాదనే పెట్టా, రెండో క్వార్టర్‌కి డబ్బులన్నీ వచ్చేశాయి, అది నిజంగానే ఏడాది చివర్లో వెళ్ళిన ఒక్క పెద్ద ఆర్డర్. తప్పయ్యానని రాసి పంపితే ఎడిటర్ ఒక్క కామా కూడా మార్చకుండా వేశాడు, నా ఆర్టికల్స్‌లో ఎక్కువమంది చదివింది కూడా అదే.